సడి లేని పెట్టె: ఇంటి సినిమా కంప్యూటరు కథ

ధ్వనిని నమ్ముకొన్న కళలకు ఒక పాత శత్రువు కలదు. అది ఆ కళను నడపెడి యంత్రమే. 1927 అక్టోబరులో అమెరికాలో ‘ది జాజ్ సింగర్’ విడుదలయై చలనచిత్రము మాటలాడ నేర్చిన తరుణమున, స్టూడియోలకు ఎదురైన పెద్ద చిక్కులలో ఒకటి కెమెరా చప్పుడు. మూకీల కాలమున ఎవరికిని పట్టని ఆ కటకట ఇప్పుడు మైక్రోఫోనులో దూరెను. అంతట కెమెరాను, దానిని నడుపు మనిషితో సహా, గాలి చొరని చిన్న గదిలో మూసి, అద్దపు కిటికీ గుండ చిత్రీకరణము సాగించిరి. లోపలి మనిషి చెమటలో మునిగి బయటికి వచ్చెడివాడు. ప్రదర్శనశాలలో ప్రొజెక్టరును గోడ వెనుక ఉంచుటకు మొదటి కారణము అగ్నిభయమే యైనను, దాని చప్పుడు ప్రేక్షకుల చెవిని పడకుండుటకు ఆ గోడయే కారణమయ్యెను.

సినిమా ఇల్లు చేరినప్పుడు ఆ గోడ వెంట రాలేదు. 1996 నవంబరులో జపానులోను, మఱుసటి యేట అమెరికాలోను డి.వి.డి.లు అంగడికి వచ్చెను. వానిని ఆడించుటకు వేఱు యంత్రములు దొరకుచుండినను, కంప్యూటరునే ఆ పనికి పెట్టదలచినవారు కొందఱు బయలుదేరిరి. టెలివిజను కార్యక్రమములను నిలువ చేసికొనుట, వందల చిత్రములను ఒక్క చోట కూర్చికొనుట, పాటలను ఛాయాచిత్రములను ఒకే తెరమీదికి తెచ్చికొనుట వారి ఆశ. 2002లో మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ ఎక్స్.పి. మీడియా సెంటర్ ఎడిషనును వెలువరించెను. మిథ్‌టీవీ యను ఉచిత సాఫ్టువేరు ఆ యేటనే ఆరంభమయ్యెను. ఎక్స్‌బాక్సు ఆటల యంత్రముకొఱకు ఔత్సాహికులు వ్రాసికొనిన ప్లేయరు, అనంతరము కోడి యను పేర ప్రసిద్ధి కెక్కినది, అదియు అప్పటిదే. సాఫ్టువేరు సిద్ధమయ్యెను గాని పెట్టె మాత్రము సోఫాకు ఆఱడుగుల దూరమున కూర్చుండి హోరుమనుచుండెను. చిత్రములో నాయిక గుసగుసలాడు వేళ గదిలో వినవచ్చునది పంకాల మ్రోత. ఆ మ్రోతను మాన్పుటకై సుమారు పదియేండ్లు జరిగిన యత్నమే ఈ వ్యాసమునకు విషయము. ఏ భాగమును ఎన్నుకొనవలెను, దేనిని విడువవలెను అను ప్రశ్న పైకి అంగడి బేరమువలె తోచును. కాని కంప్యూటరు పరిశ్రమ ఏ దారిని నడువవలెనను తగవు దానిలో ఇమిడియున్నది.

కంప్యూటరునకును చప్పుడునకును గల సంబంధము చిత్రమైనది. గణనయంత్రములకు ఆద్యుడుగ చెప్పబడు చార్లెస్ బాబేజి, లండను వీథులలో వాద్యములు మ్రోయించుచు తిరుగువారిపై ఏండ్ల తరబడి పోరాడెను. 1864లో వెలువడిన తన ఆత్మకథలో ఆ బాధకు ఒక అధ్యాయమునే కేటాయించెను. ఆయన కలగన్న జాతి యంత్రము తుదకు పుట్టినప్పుడు తానే పెద్ద రొద యయ్యెను. 1946లో ప్రకటితమైన ఎనియాకులో సుమారు 18,000 వాల్వు లుండెడివి. రేడియో సెట్టులోని నాలుగైదు వాల్వులు ఎంత వేడెక్కునో ఎఱిగిన తరమువారికి అది ఎట్టి కొలిమియో వేఱుగ చెప్పనక్కఱలేదు. సుమారు 150 కిలోవాట్ల విద్యుత్తును మ్రింగుచుండిన ఆ యంత్రమునుండి వేడిని వెడలగొట్టుటకు పెద్ద గాలియంత్రములు నడచుచుండెడివి.

కంప్యూటరు చిన్నదై ఇంటి బల్లపైకి వచ్చిన కాలమున ఒక మనిషికి ఈ పంకాల సడి బొత్తిగా గిట్టలేదు. అతడు ఆపిల్ సంస్థ స్థాపకులలో నొకడైన స్టీవ్ జాబ్స్. 1977 నాటి ఆపిల్ 2లో పంకా లేదు. రాడ్ హోల్ట్ అను ఇంజనీరు దానికై రూపొందించిన పవర్ సప్లై స్విచింగు పద్ధతిది. అది వేడిని తక్కువగ పుట్టించును గనుక పంకా లేకున్నను చెల్లెను. 1980లో వచ్చిన ఆపిల్ 3లోను పంకా వలదని నిశ్చయించిరి. ఈసారి చెల్లలేదు. లోపలి చిప్పులు తమ గూళ్ళలో కదలి సడలుచుండెను. యంత్రమును కొన్ని అంగుళములు పైకెత్తి బల్లపై దభాలున విడువుడని సంస్థవారే సలహా చెప్పవలసి వచ్చెను. వేడి యొక్కటే కారణము కాదు, సర్క్యూటు బోర్డు కూర్పులోనే దోషమున్నదని ఆ పెట్టెను రూపొందించినవారు తరువాత వాదించిరి. ఎట్లైనను ఆ నమూనా పేరు చెడెను. 1984 నాటి మాకింటాషుకును పంకా లేదు; 1987లో మాకింటాష్ ఎస్.ఇ.లో పంకా చేరెను. మరల 2000లో ఎనిమిది అంగుళముల ఘనాకృతిలో జి4 క్యూబు వచ్చెను. వేడిగాలి తనంత తాను పైకి పోవునట్లు దాని నడుమ పొగగొట్టమువంటి ఖాళీ నుంచిరి. చూపునకు ముచ్చటైనను వెల యెక్కువ. ఏడాది తిరుగకముందే దాని ఉత్పత్తి ఆగిపోయెను. ఆపిల్ 2 నిలిచి ఆపిల్ 3 కూలుటకు గల భేదమును చూచినచో, పంకాను మానుట కంటె వేడిని మానుట ముందు జరుగవలెనని తెలియును. ఈ సంగతి పరిశ్రమకు అంతటికిని బోధపడుటకు మఱి పాతికేండ్లు పట్టెను.

ఆ పాతికేండ్లలో పరుగు అంతయు వేగమునకే. 1981 నాటి ఐ.బి.యం. పి.సి.లోని ప్రాసెసరు ఒకటి రెండు వాట్లతో పని చేసెడిది. దానిమీద లోహపు రెక్కలు గాని పంకా గాని లేవు, ఉన్న ఒక్క పంకా పవర్ సప్లైలోనే. 1993లో వచ్చిన పెంటియం సుమారు 15 వాట్లు. అప్పటినుండి ప్రాసెసరు నెత్తిన చిన్న పంకా తిరుగుట మామూలయ్యెను. 2000 చివర వచ్చిన పెంటియం 4 యాబది వాట్లు దాటెను. 2004లో 3.8 గిగాహెర్ట్జుల వేగమున్న దాని తోబుట్టువు 115 వాట్ల వేడికి లెక్క కట్టబడెను. ఇంచుమించు గోరుచుట్టంత వైశాల్యమునుండి నూఱు వాట్ల బల్బు వేడి వెలువడుచున్నదన్న మాట. ఆ వేడిని తఱుముటకు నిమిషమునకు వేల చుట్లు తిరుగు పంకా కావలసివచ్చెను. అంగడిలో గిగాహెర్ట్జుల అంకె పెద్ద అక్షరములలో నుండెడిది. చప్పుడు అంకె ఎచ్చటను ఉండెడిది కాదు.

ఇచ్చట ధ్వని లెక్కను కొంచెము విప్పి చెప్పుట అవసరము. భాగముల ఎంపిక అంతయు దానిపై ఆధారపడియున్నది. డెసిబెల్ కొలత కూడికలకు లొంగునది కాదు. ఒకే తీరుగ మ్రోయు రెండు పంకాలను ప్రక్కప్రక్క నుంచినచో చప్పుడు మూడు డెసిబెల్లులు మాత్రమే పెరుగును. చెవికి రెట్టింపుగ తోచుటకు సుమారు పది డెసిబెల్లులు పెరుగవలెను. ముప్పది డెసిబెల్లుల పంకా ప్రక్కన ఇరువది డెసిబెల్లుల పంకాను చేర్చినచో మొత్తము అర డెసిబెల్లు కూడ హెచ్చదు. కావున పెట్టెలో అన్నిటికంటె బిగ్గరగ అఱచు భాగమును వదలి తక్కిన వానిని ఎంత మార్చినను ఫలము లేదు. దానిని అణచిన పిదప, అంతవఱకు దాని చాటున వినబడని రెండవది బయటపడును; పిదప మూడవది. ఈ విద్యలో దిగినవారు ఒక్క పంకాతో ఆరంభించి ఏడాది తరువాత కూడ పెట్టె విప్పుకొని కూర్చుండుట కిదియే కారణము.

పంకా లెక్క మఱియొకటి. వేగము సగము చేసినచో గాలియు సగమగును. కాని చప్పుడు ఇంచుమించు పదునైదు డెసిబెల్లులు పడిపోవును. అదే వేగమున ఎనుబది మిల్లీమీటర్ల పంకాకంటె నూటయిరువది మిల్లీమీటర్లది మూడింతలకు పైగా గాలిని త్రోయును. కావున పెద్ద పంకాను మెల్లగ త్రిప్పుట, చిన్న పంకాను వడిగ త్రిప్పుటకంటె అన్ని విధముల మేలు. మన ఇంటి కప్పుపంకా పెద్ద రెక్కలతో మెల్లగ తిరుగుచు గదినంతను చల్లబఱచుటలోని సూత్రమిదియే. ఔత్సాహికులు దీనిని గ్రహించి పవర్ సప్లైలోని పండ్రెండు వోల్టుల తీగకును అయిదు వోల్టుల తీగకును నడుమ పంకాను తగిలించిరి. మిగిలిన ఏడు వోల్టులతో అది గొణుగుట మాని తిరుగజొచ్చెను. పెట్టె వెనుక రేకులో పొడిచిన జల్లెడ రంధ్రములు గాలిని చీల్చి ఈలవేయించును గనుక కత్తెరతో ఆ రేకునే కోసివేసినవారు కలరు. రూపాయి ఖర్చు లేని ఈ రెండు పనులును అంగడిలోని అనేక సరకులకంటె ఎక్కువ మేలు చేసెననుట మా అభిప్రాయము.

పంకా తగ్గినచో వేడికి వేఱు దారి చూపవలెను. ఆ దారి అంతరిక్ష పరిశోధననుండి వచ్చెను. రెండు కొనలును మూసిన లోహపు గొట్టములో కొంచెము ద్రవమును, లోపలి గోడకు వత్తివంటి అస్తరును ఉంచినచో, వేడి కొనయందు ద్రవము ఆవిరియై రెండవ కొనకు పరుగిడి, అచ్చట చల్లారి నీరై, దీపపు వత్తిలో నూనె ప్రాకినట్లు అస్తరు వెంట తిరిగి వచ్చును. కదలు భాగము ఒక్కటియు లేదు, సడి లేదు. అమెరికాలో జనరల్ మోటార్సునకు చెందిన గాగ్లర్ ఈ ఊహకు 1944లో పేటెంటు పొందినను అది మఱుగుపడెను. 1963లో లాస్ ఆలమోస్ ప్రయోగశాలలో జార్జి గ్రోవర్ దానిని స్వతంత్రముగ కనుగొని హీట్ పైపు అని పేరు పెట్టెను. 1967లో దానిని భూకక్ష్యలో పరీక్షించిరి. ఉపగ్రహములకై పుట్టిన ఆ గొట్టము రాగి రూపమున, నీరు నింపుకొని, ప్రాసెసరు వేడిని పెద్ద రెక్కల గుత్తికి మోయు పనికి వచ్చెను. కొరియాకు చెందిన జాల్మన్ సంస్థ ఒక్క పంకాయు లేని పెట్టెనే తయారు చేసెను. దాని ప్రక్కగోడలే దట్టమైన అల్యూమినియపు రెక్కలు. దానిని ఇద్దఱు పట్టి ఎత్తవలసినంత బరువు, కొనుటకు అంతకంటె బరువు.

హార్డు డిస్కు సంగతి వేఱు. అది గాలితో గాక ఒడలితో మ్రోయును. నిమిషమునకు 7,200 చుట్లు తిరుగు పళ్ళెము బాల్ బేరింగులపై సన్నగ కూయుచు, వయసు మీఱినకొలది కూత పెంచుచుండెను. 2001లో సీగేట్ సంస్థ బారకుడా ఏటీయే 4 అను డిస్కులో గుండ్లకు మాఱుగ నూనె పొరపై తిరుగు బేరింగులను వాడగా ఆ కూత చాలవఱకు అణగెను. ఇక మిగిలినది వణకు. డిస్కును మరలతో పెట్టెకు బిగించినచో రేకులన్నియు తబలావలె పలుకును. అందుచే కొందఱు దానిని కుట్టుపనివారు వాడు రబ్బరు నాడాలపై ఉయ్యాలవలె వ్రేలాడదీసిరి. చూచినవారు నవ్వెడివారు గాని, విన్నవారు నవ్వుట మానిరి.

పవర్ సప్లైలోని నష్టమును చాలమంది లెక్కింపలేదు. అప్పటి సామాన్యపు సరకు నూటికి డెబ్బది వంతుల సామర్థ్యము గలది అనుకొందము. కంప్యూటరునకు నూఱు వాట్లు అందించుటకు అది గోడనుండి సుమారు 143 వాట్లు తీసికొని, నలుబది మూడు వాట్లను తన కడుపులోనే వేడిగ కాల్చును. ఎనుబది వంతులదైనచో కాలునది ఇరువదియైదు, తొంబది వంతులదైనచో పదునొకండు. 2004లో అమెరికాలో మొదలైన 80 ప్లస్ అను ధ్రువీకరణము విద్యుత్తు పొదుపునకై పుట్టినది. ఆ ముద్ర గల పవర్ సప్లైలో చల్లార్పవలసిన వేడి తక్కువగుటచే దాని పంకాను మెల్లగ త్రిప్పవచ్చునని గ్రహించి, నిశ్శబ్దప్రియులు దానిని వెదకి కొనిరి.

ఇన్ని భాగములను మార్చినను అసలు ప్రశ్న మిగిలియే యుండెను: చిత్రమును విప్పు పని ఎవరు చేయవలెను? డి.వి.డి.లోని చిత్రము ఎంపెగ్-2 పద్ధతిలో బిగించి యుండును. తొలినాళ్ళ ప్రాసెసర్లకు దానిని విప్పు బలము చాలక అందుకై ప్రత్యేకపు కార్డు పెట్టవలసి యుండెను. ప్రాసెసర్లు బలపడగానే ఆ కార్డులు అటకెక్కెను. ఇంతలో 2003లో హెచ్.264 అను క్రొత్త పద్ధతి సిద్ధమయ్యెను; 2006లో బ్లూరే డిస్కులు వచ్చెను. అమెరికా డి.వి.డి. చిత్రమున బిందువులు 720 చేత 480. బ్లూరేలో 1,920 చేత 1,080, అనగా సరిగ ఆఱింతలు. బిగింపు పద్ధతియు మఱింత చిక్కు. దానిని సాధారణ ప్రాసెసరుతో విప్పించినచో పంకాలు మరల హోరెత్తెను. అదే పనిని, అది తప్ప మఱేమియు ఎఱుగని చిన్న సర్క్యూటుచేత చేయించినచో కొద్దిపాటి శక్తితో జరిగిపోవును. ఎన్విడియా, ఏటీఐ సంస్థలు 2004 మొదలు ఆ సర్క్యూటులను తమ గ్రాఫిక్సు చిప్పులలో పొదుగజొచ్చెను. అప్పటినుండి ఇంటి సినిమాకు ప్రాసెసరు వేగముకంటె గ్రాఫిక్సు చిప్పులోని ఆ మూల ముఖ్యమయ్యెను. అంగడివాడు చూపు పెద్ద అంకెను చూడక, ఆ చిన్న గుణమును అడిగి కొనినవాడే ఈ కాలమున తెలివిగ ఎన్నుకొన్నవాడు.

ప్రాసెసర్ల దారియు అప్పుడే మళ్ళెను. ఇంటెల్ సంస్థ ఇజ్రాయెలులోని హైఫా శాఖలో ఒడిలో పెట్టుకొను కంప్యూటర్లకై రూపొందించిన పెంటియం ఎం, 2003లో వచ్చినది, 24.5 వాట్లతోనే పెద్ద పెంటియం 4లకు దీటుగ పని చేసెడిది. నిశ్శబ్దప్రియులు దానిని బల్లపై పెట్టెలో అమర్చుకొనుటకు వెఱ్ఱిగ వెదకిరి. కొన్ని తైవాను సంస్థలు అందుకు తగిన మదరుబోర్డులు చేసి అమ్మెను, అగ్గువకు మాత్రము కాదు. 2004 మేలో ఇంటెల్ తన తరువాతి మహావేగపు ప్రాసెసరును, టేజాస్ అను దానిని, పుట్టకముందే విడిచిపెట్టెను. వేడే దానికి అడ్డుగోడ. ఆ వేడిని భరించుటకై తలపెట్టిన బీటీఎక్స్ అను పెట్టె కొలతలు కూడ రెండేండ్లలో మూలబడెను. 2006 జూలైలో వచ్చిన కోర్ 2 డ్యుయో 65 వాట్లది. దాని పూర్వికుడు పెంటియం 4 కాదు, ఆ చిన్న పెంటియం ఎం. నాడాలతో డిస్కులు వ్రేలాడదీసికొన్న కొద్దిమందే ఇంటెలును మళ్ళించిరని మేము అనము. ఒడి కంప్యూటర్ల బ్యాటరీలు, కరెంటు బిల్లులు అంతకంటె బిగ్గరగ వాదించియుండును. కాని ఏ ప్రమాణము సరియైనదో వారు ముందుగ గ్రహించిరనుట నిజము.

ఆ పిమ్మట కథ త్వరగ సాగెను. ఒక హాస్యఘట్టము మాత్రము విడువదగదు. 2008లో ఇంటెల్ ఆటమ్ అను నాలుగు వాట్ల ప్రాసెసరును ఒక చిన్న మదరుబోర్డుపై పొదిగి అమ్మెను. ప్రాసెసరు తలపై పంకా లేదు. ప్రక్కనున్న పాతకాలపు సహాయక చిప్పు ఇరువది రెండు వాట్లది గనుక దాని నెత్తిన చిన్న పంకా గిఱ్ఱుమనుచుండెను. దొర చల్లగ నుండగా బంటునకు విసరవలసి వచ్చినట్లయ్యెను. పైగా ఆ జంట బ్లూరే చిత్రమును విప్పజాలకపోయెను. 2009లో ఎన్విడియా తన చిప్పును ఆటమ్‌తో జతచేయగా ఆ కొఱత తీఱెను.

అదే 2008లో ఇంటెల్ 80 గిగాబైట్ల ఫ్లాష్ డిస్కును, తోషిబా ఇంజనీరు ఫుజియో మసువోకా కనుగొన్న జ్ఞాపకచిప్పులతో చేసినదానిని, వెయ్యింటి బేరమున ఒక్కొక్కటి 595 డాలర్లకు అమ్మజూపెను. దానిలో తిరుగునది లేదు, మ్రోగునది లేదు. చిత్రములన్నిటిని దానిలో నింపుట ధనికులకును కాని పని. కావున పెద్ద హార్డు డిస్కులను వేఱొక గదిలోని యంత్రమున ఉంచి, గోడలో రంధ్రము చేసి, తీగ గుండ చిత్రమును తెప్పించుకొనిరి. బ్లూరే చిత్రము సెకనుకు నలుబది మెగాబిట్లు మించదు. నూఱు మెగాబిట్ల మామూలు నెట్వర్కు తీగ దానికి చాలును. సినిమాహాలులోని ప్రొజెక్టరు గోడ ఇట్లు ఇంటికి వచ్చెను!

మన ప్రాంతమున ఈ విద్యకు ఒక అడ్డు గలదు. పంకా లేని యంత్రములను చేయు దేశములలో గది ఉష్ణోగ్రతను ఇరువదియైదు డిగ్రీలుగ తలంతురు. ప్రాసెసరు డెబ్బది డిగ్రీలవఱకు ఓర్చునన్నచో నడుమ నలుబదియైదు డిగ్రీల వాలు ఉండును. వేడి ఆ వాలు వెంటనే జాఱిపోవలెను. మేనెలలో రెంటచింతలలోనో రామగుండములోనో గది లోపలనే నలుబది యున్నచో వాలు ముప్పదికి దిగును. అదే రెక్కల గుత్తి అప్పుడు మూడింట రెండు వంతుల వేడినే మోయగలదు. కావున విదేశపు లెక్క చూచి కొనువారు ఒక మెట్టు పెద్ద రెక్కలను ఎన్నుకొనుట క్షేమము. తలపై కప్పుపంకా ఐదవ నంబరున తిరుగు ఇంట, పెట్టెలోని ఇరువది డెసిబెల్లులకై ఆరాటపడుట వృథా యనువారును కలరు. వారి మాటలో సత్యము లేకపోలేదు గాని, ఏ.సి. లేని ఇండ్లలోను డిసెంబరు రాత్రులు వచ్చును.

2012 ఫిబ్రవరిలో ఇంగ్లండునుండి రాస్ప్‌బెర్రీ పై వచ్చెను. వెల ముప్పదియైదు డాలర్లు, పరిమాణము అరచేతిలో సగము, ప్రాసెసరు వేగము 700 మెగాహెర్ట్జులు. మూడు నాలుగు వాట్లతో, రెక్క గాని పంకా గాని లేక, అది 1,920 చేత 1,080 బిందువుల చిత్రమును తడబడక చూపెను, చిప్పులో హెచ్.264ను విప్పు ప్రత్యేక సర్క్యూటు ఉండుటయే దాని రహస్యము. నేడు టెలివిజను వెనుక గ్రుచ్చుకొను పుల్లంత యంత్రములు అంతకు నాలుగింతల బిందువులను సడి లేక చూపుచున్నవి. వానిలో ఎన్నుకొనుటకు భాగములు లేవు. విప్పుటకు మరలును లేవు. చెడినచో పాఱవేయవలసినదే, సంస్థ మద్దతు మానినచో మానుకొనవలసినదే. కోరిన నిశ్శబ్దము దొరకినది, దానిని కోరి సాధించుకొన్న చేతులకు పని పోయినది. మాకు ఇందు కొంత విచారము లేకపోలేదు.

అయినను కొందఱు ఇప్పటికిని తమ పెట్టెను తామే కూర్చుకొనుచున్నారు. పంకాలు పోయి, తిరుగు డిస్కులు పోయి, గది పూర్తిగ నిశ్శబ్దమైన పిదప వారికి మఱియొక ధ్వని వినవచ్చుచున్నది. మదరుబోర్డుపై, పవర్ సప్లైలో ఉండు చిన్న తీగచుట్టలు, విద్యుత్తు ఎగుడుదిగుడులకు వణకి, దోమ పాడినట్లు సన్నగ కూయును. తెరపై చిత్రము మాఱునప్పుడు ఆ కూత శ్రుతియు మాఱును. ఇన్నాళ్ళు పంకాల మ్రోత దానిని కప్పియుంచెను. ఒకే నమూనాలోని రెండు బోర్డులలో ఒకటి కూయవచ్చు, ఒకటి కూయకపోవచ్చు. కొని చూడనిదే తెలియదు. కొందఱు ఆ చుట్టలను జిగురుతో కదలకుండ బంధించుచున్నారు. గుయ్యిమను రేడియో ట్రాన్స్‌ఫార్మరును వార్నిషులో ముంచి ఆరబెట్టుట మన మరమ్మతుదారు లెఱిగిన చికిత్సయే.